బెజవాడ దగ్గరికి జరగలేదని ధ్రువపరచుట గురించి

నాచారం,
తేది 30-11-1968, శనివారం.

బేగంపేట విమానాశ్రయపు అధికారి గారి సముఖమునకు, నాచారం చర్చిలో గంట కొట్టువాడును, సర్కారు దఫ్తరులో అటెండరును అగు మేడి ఏలియా మిక్కిలి వినయముతో వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: గన్నవరం విమానాశ్రయము నుండి తమ విమానాశ్రయమునకు గల దూరము, ఆ దూరమునకు పాత విమానము తీసుకొనిన కాలము, కొత్త విమానము తీసుకొను కాలము, ఈ మూడింటిని సంతకము, మొహరు వేసి దయచేయించుట గురించి, తద్వారా బెజవాడ ఉన్నచోటనే ఉన్నదని రుజువగుట గురించి.

ముందుగా ఒక మాట. నేను విమానం ఎక్కదలచినవాణ్ని కాను. టిక్కెట్టు అడగటం లేదు, మా వాళ్లెవరికీ నౌకరీ అడగటం లేదు. ఇరవై నాలుగేళ్లుగా అర్జీలను ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి మోస్తున్నవాణ్ని. ఏ అర్జీ ఏ కట్టలోకి పోతుందో చేత్తో పట్టుకుంటేనే చెప్పగలను. అందుచేత దీని అంచున "తగు చర్య నిమిత్తం" అని రాసి కిందికి పంపవద్దని ప్రార్థన. ఆ మూడు మాటలు రాయించుకున్న కాగితం మళ్లీ పైకి రాగా నేను కళ్లారా చూడలేదు.

ఇక నా మనవి.

1. మా చర్చి చిన్నది, గంట పెద్దది. దాని మోత ఇటు ఉప్పల్ చెరువు కట్ట దాకా, గాలి వాటంగా ఉంటే అటు చర్లపల్లి పొలాల దాకా వినబడును. మా సంఘస్తులలో సగము మంది రైల్వే వారు, సగము మంది ఫ్యాక్టరీ వారు. రైల్వే వారికి శ్రీ అబ్రహాం గారు పెద్ద. గార్డుగా చేసి రిటైరైనారు, సంఘం కమిటీకి అధ్యక్షులు. వారి జేబులో గొలుసు గడియారం ఉన్నది. ఫ్యాక్టరీ వారికి శ్రీ అబ్బయ్య గారు పెద్ద. మేస్త్రీ. వారికి గడియారంతో పని లేదు, వారి ఫ్యాక్టరీ సైరను ఆదివారం కూడా కూయును. గొలుసు గడియారానికి, సైరనుకు ఎన్నడూ పొత్తు కుదరలేదు. ఆరేళ్ల కిందటి వరకు నేను గడియారం చూసి కొడితే ఫ్యాక్టరీ వారు మొహం ముడిచేవారు. సైరను విని కొడితే ముందే వచ్చి కూర్చున్న రైల్వే వారు ప్రసంగం సగంలో లేచి, చెప్పులు గట్టిగా టపటపలాడించుకుంటూ బయటికి నడిచేవారు. ఇద్దరి మధ్య నా బతుకు అడకత్తెరలో పోకచెక్క అయినది.

2. అట్టి పరిస్థితులలో, 1962లో కమిటీ ఇదే తగాదా మీద కూర్చుని అరుచుకొనుచుండగా, పొద్దుటి విమానం మా పెంకుల మీదుగా పోయినది. అది గన్నవరం నుండి తమ వద్దకు వచ్చునదని తరువాత తెలిసినది. అందరికీ టీ ఇస్తున్న నా భార్య లూర్దమ్మ కెటిలు కింద పెట్టి, పైకి చూపించి అన్నది:

"గది రోజూ ఒక్క తీర్గనే వస్తది. మీ జేబులది కాదు, మీ ఫ్యాక్టరీది కాదు. దాన్ని జూసి కొట్టరాదుండ్రి! గీ లొల్లి ఎందుకు?"

ఎవరి సొత్తూ కాదు గనుక ఎవరికీ అభ్యంతరం లేకపోయినది. తీర్మానం మినిట్స్ పుస్తకంలో ఎక్కినది. నాటి నుండి విమానం పీర్జాదిగూడ తాటిచెట్ల మీద కనబడగానే తాడు పట్టుకొందును, మా కప్పు మీదికి రాగానే లాగుదును. మబ్బు పట్టిన రోజున చెవిని నమ్ముకొందును. అది రాని రోజులు లేకపోలేదు గాని, దేవుని దయవలన అవన్నీ పనిరోజులే. ఆరు సంవత్సరములు మా సంఘంలో టైము గురించి ఒక్క మాట పెరగలేదు. తమ విమానాశ్రయమునకు ఈ సంగతి తెలియకపోవుట సహజము. మేలు చేసేవాళ్లలో చాలామందికి తాము చేసినట్టు తెలియదు.

3. ఈ నెల 3వ తేదీ ఆదివారం నాడు విమానం గొంతు మారినది. పాతది బరువు మోసే ఎద్దులా మూలిగేది. ఇది సన్నగా ఈల వేసుకుంటూ వచ్చినది.

"ఇయ్యాల దీని గొంతు గట్లున్నదేందయ్యా?" అన్నది లూర్దమ్మ.

"సర్ది జేసిందేమో తీయ్" అన్నాను. అని, అలవాటు చొప్పున తాడు లాగాను.

లాగాక తెలిసినది. పాస్టరు గారు ఒక చెంప గడ్డం గీసుకుని, రెండో చెంప సబ్బుతో వచ్చారు. గంట విని ఆగే మనిషి కాదు ఆయన. శ్రీ అబ్బయ్య గారి ఇంట్లో వాళ్లు పొయ్యి మీద పప్పు వదిలేసి పరుగెత్తుకొచ్చారు. ఆ పప్పు మాడిన వాసన మొదటి కీర్తన అయ్యేసరికి చర్చిలోకి వచ్చినది. ఇవన్నీ నవ్వుకుని మరిచిపోయే సంగతులు. మరిచిపోలేనిది ఏమంటే, ఆ రోజు వాక్యం చదవవలసినవారు శ్రీ అబ్రహాం గారు. వారం రోజులు ఇంట్లో గొంతు సవరించుకుని, కొత్త కోటు తొడుక్కుని, తన గడియారం ప్రకారం నిమిషం ముందుగానే వచ్చారు. వచ్చేసరికి ఆయన చదవవలసిన వాక్యం శ్రీ అబ్బయ్య గారు చదివేశారు. పైగా బాగా చదివారు.

4. ఆరాధన అయినాక గుమ్మంలోనే విచారణ జరిగినది. అడిగినవారు శ్రీ అబ్రహాం గారు. తమ దఫ్తరు వారికి ఉపయోగపడునేమోనని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఎందుకు ముందు గొట్టినవ్ ఏలియా?"

"విమానం వచ్చింది, కొట్టిన అన్నా."

"విమానం ఎన్నింటికి వస్తది?"

"గంట కొట్టినప్పుడు."

"గంట ఎన్నింటికి కొడ్తవ్?"

"విమానం వచ్చినప్పుడు."

ఇందులో నా తప్పేమిటో ఈనాటికీ నాకు తెలియదు. పాత విమానం గడియారంలో ఎన్నింటికి వచ్చేదో ఆరేళ్లలో ఒక్కరూ రాసి పెట్టలేదు. అది వచ్చిందే టైము అయినప్పుడు ఎవరు రాస్తారు? శ్రీ అబ్రహాం గారు మాత్రం గొలుసు పట్టుకుని గడియారం బయటికి తీసి, అందరికీ వినబడేటట్టు అన్నారు:

"ముప్పై ఏండ్లు రైలు నడిపించిన మనిషిని. దూరం మారకపోతే టైం మారదు. నా గడియారంల ఇరవై నిమిషాలు తేడా, విమానమే ముందొచ్చిందంటవ్. అంటే ఏంది, బెజవాడ జర గిటు జరిగిందా?"

రైల్వే వారంతా నవ్వినారు. ఫ్యాక్టరీ వారు కూడా నవ్వినారు. ఆరేళ్ల తర్వాత రెండు పక్షాలూ ఒక్కమాట మీదికి రావడం అదే మొదలు. అది నా మీద అయినందుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

5. మా పక్కింట్లో శ్రీ అచ్యుతరావు గారు అద్దెకున్నారు. హబ్సిగూడ వైపు లాబొరేటరీలో సైంటిస్టు, బెజవాడ మనిషి. ఆయన గోడకున్న దేశపటం దించి, పూలు కట్టే దారం పెట్టి కొలిచి, నూట అరవై ఆరు మైళ్లని తేల్చారు.

"దూరం మారదయ్యా ఏలియా, వేగం మారుతుంది. పాతది డకోటా. అది గంటా పది నిమిషాలు తీసుకునేదనుకో. కొత్తదేమో ముప్పావుగంటలో వచ్చేస్తుందనుకో. మా మేనత్త గన్నవరంలోనే ఉంటుంది, అక్కడ బయల్దేరే వేళ మారలేదని కార్డు రాసింది. మరిక్కడికి ముందు రాక ఏం చేస్తుంది?"

నా మనసుకు అది అమృతంలా ఉన్నది గాని, అందులో రెండు "అనుకో"లు ఉన్నవి. కమిటీలో "అనుకో" చెల్లదు. నేను వెళ్లి చెప్పగానే శ్రీ అబ్రహాం గారు, "దారంతోని కొలిచిన్రా? సికింద్రాబాదు నుంచి బెజవాడకు రెండువందల పదిహేడు మైళ్లు. పట్టాల మీద నేనే పోయిన" అన్నారు. శ్రీ అబ్బయ్య గారు, "మరి పైకి ఎక్కేది, కిందికి దిగేది? అది కూడ కలపాలె గద" అన్నారు. ఈ విధముగా ఒకే ఊరికి మూడు దూరములు ఏర్పడినవి. ఇది చాలదన్నట్టు, భూమ్మీది మైలు వేరు, విమానాల వాళ్ల మైలు వేరు, అది కొంచెం పొడుగు అని శ్రీ అచ్యుతరావు గారు గుట్టుగా నా చెవిలో వేశారు. ఆ మాట నేను బయట ఎక్కడా చెప్పలేదు. తమరు కూడా ఏదో ఒక్క రకం మైలులోనే తెలియజేయవలెనని, కిలోమీటర్లు మాత్రం పక్కన రాయవద్దని ప్రార్థన. కొలతకు ఒక పక్షం లేస్తుంది మా దగ్గర.

6. ఇందుకు నేను చేతులు ముడుచుకుని కూర్చోలేదని మనవి. విమానం ముందు వస్తే గంట ఆగి కొట్టాలి, అంతే కదా. ఎంతసేపు ఆగాలి అన్నదే చిక్కు. మా నాయన సామ్యేలు నల్లగొండ జిల్లాలో ఉపదేశి. ఎండలో వానలో ఊరూరా కాలినడకన తిరిగి బోధ చేశారు. తాను నడిచిన ఇరవై రెండు ఊళ్ల మీద ఇరవై రెండు చరణాల పాట కట్టారు. ఊరికొక చరణం. "ఆరు కోసుల దూరమైనా ఆగబోకే పాదమా" అని పల్లవి. మా సంఘంలో ముసలివాళ్లందరికీ ఆ పాట వచ్చును, శ్రీ అబ్రహాం గారికి కూడా. ఆ పాట మొత్తం పాడితే దాదాపు ఇరవై నిమిషాలు. కనుక 10వ తేదీన విమానం పోయినాక తాడు పట్టుకుని మొదటి ఊరు నుండి చివరి ఊరు దాకా పాడి, అప్పుడు కొట్టాను.

ఆలస్యమైనది. పదిహేడో ఊళ్లో మా నాయనకు పాము అడ్డం వచ్చి తప్పుకుపోయిన ముచ్చట ఉంటుంది. అక్కడికి రాగానే నా గొంతు దానంతట అదే నెమ్మదిస్తుంది, కళ్లు కూడా తడుస్తాయి. 17వ తేదీన లూర్దమ్మ పాడింది. ఆమెకు పొయ్యి మీద పని ఉంటుంది గనుక ఇరవై రెండు ఊళ్లూ పరుగు మీద చుట్టి వచ్చింది. గంట ముందు మోగింది. "మీ నాయన నడిచిండు, నేను బస్సెక్కిన" అన్నది, పైగా. 24వ తేదీన ఎవరూ పాడలేదు. నేను తాడు పట్టుకుని నిలబడి, శ్రీ అబ్రహాం గారి మొహం చూసి, శ్రీ అబ్బయ్య గారి మొహం చూసి, ఉజ్జాయింపున కొట్టాను. ఇద్దరూ తప్పన్నారు. తమరు పాత కాలము, కొత్త కాలము రెండూ సరిగ్గా తెలియజేసినచో, ఆ తేడా ఎన్ని ఊళ్లకు సమానమో నేను లెక్క కట్టుకొందును.

7. వచ్చే నెల 15వ తేదీ ఆదివారం కమిటీ కూర్చొనును. "ఏలియాను గంట తాడు నుండి తప్పించి శ్రీ అబ్బయ్య గారికి అప్పగించుట" అని ఎజెండాలో రాసి ఉన్నది. ఈ పనికి జీతం లేదు, కాబట్టి పోయేదేమీ లేదని కొందరు ఓదార్చుచున్నారు. అయ్యా, ఓదార్పులన్నీ ఇట్లాగే ఉంటాయి.

మా అమ్మాయి గ్రేస్ పెళ్లి డిసెంబరు 28వ తేదీ శనివారం పొద్దున, మా చర్చిలోనే. అబ్బాయి చిల్కానగర్ అబ్బాయి, మంచివాడు, వాళ్లూ మంచివాళ్లు. నేను ఈ సంఘంలో అరవై ఒక్క పెళ్లిళ్లకు గంట కొట్టాను. కమిటీ అధ్యక్షుల వారి ముగ్గురు కూతుళ్లకూ నేనే కొట్టాను. చిన్నప్పుడు గ్రేస్ ఆ తాడు చివర పట్టుకుని వేలాడేది. నేను లాగితే పైకి లేచి నవ్వేది. ఆ పిల్ల పెళ్లికి ఇంకొకరు గంట కొడుతుంటే, నేను చేతులు జేబులో పెట్టుకుని మొదటి వరుసలో కూర్చోవాలట. నాకు కూర్చోవడం రాదు. ఆ గంట నేనే కొట్టాలి. అసలు సంగతి ఇదే. పైన ఆరు పేరాలు దీనికోసమే రాశాను.

కావున ఏలినవారు దయదలచి, 15వ తేదీ లోపల, (అ) రెండు విమానాశ్రయముల నడుమ దూరము ఇంత అని, అది రెండు నెలల కిందట ఎంతో ఇప్పుడూ అంతే అని, (ఆ) పాత విమానమునకు ఇన్ని నిమిషములు, కొత్త విమానమునకు ఇన్ని నిమిషములు అని, (ఇ) ఇందులో మేడి ఏలియా దోషమేమియు లేదని, రాయించి, మొహరు గుండ్రముగా, స్పష్టముగా పడునట్లు వేయించి పంపవలెను. (ఇ) తమ పరిధిలో లేదనిన, మొహరైనా పెద్దదిగా వేయించవలెను. మా కమిటీలో అక్షరం కంటే మొహరుకు గౌరవం ఎక్కువ.

నా పేరు రాసిన కవరు దీనితో జతపరచడమైనది. పై సంగతులన్నీ ఒక్కసారి తలెత్తి, కిటికీలోంచి ఆకాశం వైపు చూసి, పిమ్మట చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మేడి ఏలియా
(ఈ తేదీ వరకు గంట తాడు చేతిలో ఉన్నవాడు)

తా.క. 1-12-1968, ఆదివారం మధ్యాహ్నం.

అయ్యా, సోమవారం స్వయంగా తెచ్చి ఇద్దామని కవరు అంటించి ఉంచాను. మళ్లీ చింపవలసి వచ్చినది. ఈ పొద్దున జరిగినది తమకు తెలియాలి.

ఈ రోజు మంచు. అటువంటి మంచు నాచారంలో నేను చూడలేదు. చర్చి గుమ్మంలో నిలబడితే గంట స్తంభం కనబడలేదు, తాడు మాత్రం చేతిలో ఉన్నది. పాత గొంతూ లేదు, కొత్త గొంతూ లేదు. విమానం రాలేదు. మంచులో తమరు దాన్ని ఎగరనివ్వలేదేమో, మంచి పని చేశారు. కానీ తీర్మానం ప్రకారం విమానం రానిదే నేను గంట కొట్టడానికి లేదు. గంట లేకపోయినా ఆదివారం గనుక ఒక్కొక్కరే దుప్పట్లు కప్పుకుని వచ్చి, వాకిట్లో నిలబడి పైకి చూస్తున్నారు. పైన ఏమీ లేదు.

"టైమైంది, కొట్టు" అన్నారు శ్రీ అబ్రహాం గారు, గడియారం కళ్ల దగ్గర పెట్టుకుని.

"ఇంక సైరనే కాలేదు, ఎట్ల కొడ్తడు?" అన్నారు శ్రీ అబ్బయ్య గారు.

ఇక చూడండి, ఆరేళ్లుగా మూత పెట్టిన కుండ ఒక్కసారిగా పొంగినది. రైల్వే వారు ఒక పక్క, ఫ్యాక్టరీ వారు ఒక పక్క, మంచులో ఎవరు ఎవరిని తిడుతున్నారో కూడా సరిగ్గా తెలియని స్థితి. ఒకరిద్దరు తమ పక్షం వాళ్లనే తిట్టుకున్నారు. పాస్టరు గారి మాట (ఈసారి రెండు చెంపలూ నున్నగానే ఉన్నవి) ఎవరికీ వినబడటం లేదు.

అప్పుడు మా గ్రేస్ పాట ఎత్తుకుంది. ఎవరితో చెప్పలేదు, నన్ను అడగలేదు. మెట్ల మీద నిలబడి తాత పాట మొదటి ఊరు నుండి మొదలుపెట్టింది. నా అంత నెమ్మదీ కాదు, వాళ్లమ్మ అంత పరుగూ కాదు. మనిషి నడిచే నడక. మూడో ఊరికి ఆడవాళ్లు అందుకున్నారు. ఐదో ఊరికి తగాదా నిలిచిపోయింది. తిట్టుకుంటూ పల్లవి పాడటం కుదరదు కదా. పదిహేడో ఊళ్లో పాము వచ్చినప్పుడు అందరికంటే పెద్దగా వినబడిన గొంతు శ్రీ అబ్రహాం గారిది. గడియారం ఎప్పుడు జేబులోకి పోయిందో చూడలేదు. ఇరవై రెండో ఊరు దాటి పాట ఆగగానే నా చేతులు వాటంతట అవే తాడు లాగినవి. ఆ మోతకు అందరూ లోపలికి నడిచారు. టైము ఎంతయిందని ఒక్కరూ అడగలేదు.

ఆరాధన అయినాక శ్రీ అబ్రహాం గారు గుమ్మంలో నన్ను ఆపారు.

"ఏలియా, పదిహేనో తారీఖు కాయితంల నీ పేరు కొట్టేయిస్త. తాడు నీకాడనే ఉండని."

"మరి బెజవాడ సంగతి అన్నా?"

"యాడున్నదో ఆడనే ఉన్నది తీయ్" అన్నారు. శ్రీ అబ్బయ్య గారు పక్కనే ఉండి తల ఊపారు.

ఆ విధముగా నా చిక్కు తీరినది గనుక, ఈ అర్జీ చింపేద్దామనుకున్నాను. అయితే ఇంటికొచ్చాక లూర్దమ్మ కొత్త చిక్కు తీసింది. ఇకమీదట పాట ఆధారంగా గంట అని అందరూ ఒప్పుకున్నారు, సరే. ఆ నడక గ్రేస్ ఒక్కదానికే వచ్చు. 28వ తేదీన గ్రేస్ పెళ్లికూతురు. తల మీద ముసుగు వేసుకుని మెట్ల మీద నిలబడి ఇరవై రెండు చరణాలు పాడితే చిల్కానగర్ వాళ్లు ఏమనుకుంటారు? నేను పాడితే పదిహేడో ఊళ్లోనే ఆగిపోతాను, ఆ రోజు తప్పకుండా ఆగిపోతాను. లూర్దమ్మ పాడితే పెళ్లికొడుకు రాకముందే పెళ్లి అయిపోతుంది. కనుక ఆ ఒక్క రోజుకు మళ్లీ తమ విమానమే దిక్కని, నిమిషాల లెక్క తెప్పించుకోక తప్పదని తేల్చుకుని, ఈ తా.క. రాయడానికి కూర్చున్నాను.

నేను రాస్తుంటే గ్రేస్ వెనక నిలబడి, భుజం మీంచి మొత్తం చదివింది. చదివి నవ్వింది. తర్వాత అడిగింది:

"నాయినా, నా పెండ్లికి గంట ఎన్నింటికి కొడ్తవే?"

"విమానం వచ్చినప్పుడు బిడ్డా."

"గా రోజు గూడ మంచు పడితే? విమానం రాకపోతే?"

నేను కలం కింద పెట్టాను. ఇరవై నాలుగేళ్ల నౌకరీలో ఏ ఆఫీసరు అడిగినదానికీ అంత త్వరగా జవాబు చెప్పలేదు.

"నువ్వొచ్చినప్పుడు కొడ్త" అన్నాను.

కావున అయ్యా, పై అర్జీని తమరు తీరికగా చూసుకోవచ్చును. 15వ తేదీ గడువు రద్దు చేయడమైనది. శుభలేఖ ఒకటి ఇందులోనే పెట్టాను. ఆ రోజు మంచు లేకపోతే విమానాన్ని మాత్రం మా మీదుగానే రానివ్వండి. ఆరేళ్లు మా వాకిట్లోంచి పోయినది, దాన్ని పిలవకుండా పెళ్లి చేయడం మాకు బాగుండదు.